బొట్టు లేని బంపరు

లింగప్ప చెప్పింది రామాంజులుకు మొదటిసారి అర్థం కాలేదు. మళ్లీ చెప్పించుకున్నాడు. ఈసారి మాటలు అర్థమయ్యాయి గానీ మనిషి అర్థం కాలేదు.

"నల్లగ చేసేది కాదప్పా. తెల్లగ చెయ్. నాలుగైదు ఎండాకాలాలు బయట మాడినట్ల చెయ్" అన్నాడు లింగప్ప. అని, కొత్తగా కొన్న సెల్‌ఫోను జేబులోంచి తీసి, ఎవరూ చేయకపోయినా ఒకసారి చూసుకుని, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

కదిరి నుంచి హిందూపురం పోయే రోడ్డు మీద లింగప్పకు పాత కార్లు అమ్మే షెడ్డు ఉంది. ఆ షెడ్డుకు ఒక మూల, రేకు నీడ కింద, పదకొండేళ్లుగా రామాంజులు కూర్చుంటున్నాడు. అతని పనికి ఒక పేరంటూ లేదు. అనంతపురం జిల్లా ఎండకు మనుషులే మాడిపోతుంటే ప్లాస్టిక్ ఎంత! మనిషి నల్లబడతాడు, ప్లాస్టిక్ తెల్లబడుతుంది, అంతే తేడా. కారు బంపర్లు, తలుపుల పొడవునా ఉండే పట్టీలు, పక్క అద్దాల వెనకుండే చిప్పలు, అన్నీ కొన్నప్పుడు కాటుకలా ఉంటాయి. నాలుగు వేసవులు గడిచేసరికి బూడిద పూసుకున్నట్టయిపోతాయి. వాటిని మళ్లీ నల్లగా చేయడమే రామాంజులు బతుకు. సోడా నీళ్లతో బ్రష్షు పెట్టి రుద్ది, నీడలో ఆరబెట్టి, కిరసనాయిలు బ్లో ల్యాంపు మంటను జానెడు దూరంలో పట్టుకుని తుడిచినట్టు పోనిస్తాడు. మంట వెనకాలే నలుపు పరిగెత్తుకుంటూ వస్తుంది. అరక్షణం ఎక్కువ నిలిపితే ప్లాస్టిక్ కరిగి మెరిసిపోతుంది, ఇక ఆ మచ్చను దేవుడు కూడా తీయలేడు. చివర్లో దీపం మసి కలిపి కాచిన అవిసె నూనెను గుడ్డతో పట్టిస్తాడు. మొదట్లో తెలీక శనక్కాయ నూనె వాడేవాడు. దారిన పోయే గొర్రెల మంద ఒక జీపు బంపరును ఈ చివర నుంచి ఆ చివర దాకా నాకి పెట్టింది. ఆ జీపు ఆసామి వచ్చి నానా రభసా చేసినప్పటి నుంచి శనక్కాయ నూనె జోలికి పోలేదు.

చిక్కెక్కడొచ్చిందంటే, ఈ పదకొండేళ్లలో కొనేవాళ్లు తెలివిమీరిపోయారు. రెండు వేల మూడో సంవత్సరం వచ్చేసరికి, బంపరు నిగనిగలాడుతుంటే చాలు, 'ఇది రామాంజులు నలుపు' అని నవ్వేసి బండి కిందా మీదా వెతకడం మొదలుపెడుతున్నారు. తెల్లబోయిన బండి కనిపిస్తే మాత్రం, పాపం ఇది ఉన్నదున్నట్టుంది, దీని మీద ఎవరి చెయ్యీ పడలేదు అని నమ్మేస్తున్నారు. ఆ నమ్మకం మీద లింగప్ప కన్ను పడింది.

ఆ శనివారం షెడ్డుకొచ్చింది తెల్ల మారుతి వ్యాను. వెనక బంపరు, పక్క పట్టీలు అన్నీ ఎండకు తెల్లబోయి ఉన్నాయి. ముందర బంపరు ఒక్కటే నల్లగా, అంగట్లోంచి అప్పుడే తెచ్చినట్టుంది. నిజంగా అప్పుడే తెచ్చిందే. ముదిగుబ్బ అవతల ఈ వ్యాను కల్వర్టు గోడను గుద్దితే పాతది ముక్కలైపోయింది. లింగప్ప ముందర భాగాన్ని గొలుసులతో లాగించి, వెల్డింగ్ పెట్టించి, రంగు కొట్టించాడు. ఇనుము మీద దెబ్బ రంగు కింద దాగిపోయింది. దాగనిదల్లా ఆ బంపరే.

"ఎవురికన్నా దెబ్బలు తగిలినాయా అన్నా?" అని అడిగాడు రామాంజులు.

ఎవరికీ ఏం కాలేదన్నాడు లింగప్ప. అడిగీ అడగకముందే అన్నాడు.

రామాంజులు బంపరు విప్పి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తెల్లదాన్ని నల్లగా చేయడం మోసమని అతనెప్పుడూ అనుకోలేదు. ముసలాయన మీసానికి రంగేసుకుంటే ఊరంతటికీ తెలుసు, ఎవరూ కేసు పెట్టరు. మరి పడుచువాడు మీసానికి సున్నం పూసుకుంటే దాన్నేమనాలి? అతనికి ఎంత ఆలోచించినా తెగలేదు. పోనీ చేయనని చెబుదామంటే, తన పెళ్లాం ఓబులమ్మకు కడుపులో గడ్డ తీసినప్పుడు సొంత కారులోనే అనంతపురం తీసుకుపోయి, ఆస్పత్రి వరండాలో మూడు రోజులు తనతో పాటు కింద పడుకున్న మనిషి లింగప్ప. ఆ మనిషీ ఈ మనిషీ ఒకడే. అదే తికమక.

*

ఆదివారం పొద్దున పని మొదలుపెట్టాడు.

మొదట్లో చేతులు మాట వినలేదు. పదకొండేళ్లుగా ఒకవైపు నడిచిన చేతులు వెనక్కి నడవమంటే ఎలా నడుస్తాయి? గిన్నెలు తోమే పొడి తడిపి, బట్టల బ్రష్షుతో రుద్దాడు. మెరుపు చచ్చింది గానీ నలుపు చావలేదు. థిన్నరు గుడ్డతో తుడిచాడు. అక్కడక్కడ పాలిపోయింది, కానీ అది ఎండ చేసిన పనిలా లేదు, రోగమొచ్చినట్టుంది. తర్వాత సున్నపు తేట పట్టించి, రేకు మీదికి ఎక్కించి ఎండబెట్టాడు. ఆరాక కడిగాడు. మళ్లీ పట్టించాడు. ఏప్రిల్ ఎండ, రేకు ముట్టుకుంటే బొబ్బలెక్కుతోంది. అలా ఆదివారం నాలుగుసార్లు, సోమవారం ఆరుసార్లు.

సోమవారం మధ్యాహ్నం నుంచి పని అతన్ని లోపలికి లాక్కుంది. వెనక బంపరు పక్కన గొంతుక్కూర్చుని ఎండ ఎలా పనిచేస్తుందో చూశాడు. ఎండ అంతటా ఒకేలా తెల్లబరచదు. పైఅంచు ఎక్కువ మాడుతుంది, కింద పెదవి దగ్గర నలుపు కాస్త మిగిలి ఉంటుంది. స్క్రూ తల చుట్టూ చిన్న నల్ల వలయం ఉంటుంది. నంబరు ప్లేటు వెనక ఎండే పడదు కాబట్టి అక్కడ పుట్టినప్పటి రంగే. ఇవన్నీ ముందర బంపరుకు నేర్పాడు. మంగళవారం సాయంత్రం దాన్ని బిగించి పది అడుగులు వెనక్కి వచ్చి చూస్తే, ఏది సూర్యుడు చేసిందో ఏది తను చేసిందో తనకే తెలియలేదు. ఒళ్లంతా పొంగింది. ఆ వెంటనే, ఎందుకు పొంగిందో తలుచుకుని సిగ్గేసింది.

వ్యానును షెడ్డు లోపలి నుంచి ముందరికి తెచ్చింది కూడా అతనే. ముప్పై గజాలు నడిపాడు. స్టీరింగు మీద పట్టు వదులు చేసి చూస్తే, బండి ఎడమకు పోయింది. ఇంటిదారి పట్టిన ఎద్దులాగా పోయింది. వెనక్కి తెచ్చి మళ్లీ నడిపాడు. మళ్లీ ఎడమకే. లింగప్పతో చెబితే, టైర్లో గాలి తక్కువుంటుంది, కొట్టుకో అన్నాడు. గాలి కొట్టాడు. గాలి కొట్టాక కూడా ఎడమకే పోయింది. ఆ సంగతి చెప్పడానికి మళ్లీ పోతే లింగప్ప ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు.

ఇంటికి పోయేసరికి ఓబులమ్మ అతని చేతులు చూసి నవ్వింది. పెళ్లయిన కొత్తలో పత్తి మిల్లులో పనిచేసేవాడు గనక సరే, ఆ తర్వాత ఈ చేతుల్ని తెల్లగా చూడలేదామె.

"ఏంది, ఈ పొద్దు గోడలకు సున్నం కొట్టను పోయినావా?"

"బంపరుకు కొట్టినా."

"బంపరుకు సున్నమెందుకు?"

రామాంజులు చెప్పబోయి ఆగాడు. చెప్పడం మొదలుపెడితే చివరిదాకా చెప్పాలి. చివరికి ఏముందో తనకే తెలీదు. చేతులు కడుక్కున్నాడు. గోళ్ల సందుల్లో నలుపు అలాగే ఉంది, వేళ్ల మీద తెలుపు అలాగే ఉంది.

*

బుధవారం పదిన్నరకు ధర్మవరం నుంచి మొగుడూ పెళ్లాం వచ్చారు. ఆయన పేరు పెద్దన్న, ఆమె నాగలక్ష్మమ్మ. మగ్గం నేసే కుటుంబం. మగ్గం గుంటలో కూర్చుని ముప్పై ఏళ్లు తొక్కి తొక్కి పెద్దన్నకు మోకాళ్లు పోయాయి. మగ్గం అమ్మేశారు. ఆ దుడ్లతో వ్యాను కొని, వీధి పిల్లల్ని బడికి చేర్చే పని పెట్టుకుందామని వాళ్ల ఆలోచన. పెద్దన్న నెల రోజుల నుంచి డ్రైవింగు నేర్చుకుంటున్నాడట. ఇదంతా ఆమే చెప్పింది, లింగప్ప అడక్కుండానే. దాచుకునే అలవాటున్న మనిషి కాదు.

"పదకొండు మంది పిల్లోల్లను మాట్లాడుకోనుండాం. మా మనమరాలు ఆశ్రిత గూడా దీంట్లోనే పోయేది" అంది.

బ్రష్షు కడుగుతున్న రామాంజులు చెయ్యి ఆగింది. ఇంతవరకూ ఆ వ్యాను అతనికి ఒక బంపరు. ఇప్పుడు దాంట్లో పదకొండు సంచులు, పదకొండు నీళ్ల సీసాలు కనబడ్డాయి.

లింగప్ప బండి గురించి మంచిగానే చెప్పాడు, గొంతు పెంచకుండా, తొందరపెట్టకుండా. చూడండి, రంగేసిందీ లేదు, నూనె పూసిందీ లేదు, ఎండలో ఎట్లుండేది అట్లే ఉండాది అన్నాడు. పెద్దన్న డ్రైవరు సీట్లో కూర్చుని, మోకాలి నొప్పిని మొహంలో కనబడనీయకుండా క్లచ్చి తొక్కి చూసుకుంటున్నాడు. కొత్తగా నేర్చుకున్నవాడు. బండి లాగుతోందో, తన చెయ్యే లాగుతోందో తెలిసే దశకు ఇంకా రాలేదు. నాగలక్ష్మమ్మ మాత్రం బండి చుట్టూ నెమ్మదిగా తిరిగింది. పట్టీని వేలితో రుద్ది చూసింది. అంచు పట్టుకుని లోపలికి తొంగి చూసింది.

"మేము చీరను మడత ఇప్పి చూస్తామన్నా" అంది రామాంజులుతో, పని చేసేవాళ్లు పని చేసేవాళ్లతో మాట్లాడేటట్టు. "మడత లోపల ఒక రంగు, పైన ఒక రంగు ఉంటే అది అంగట్లో ఏండ్ల తరబడి పడుండేదని. వ్యాపారి నోరు ఏమన్నా చెప్పనీ, మడత నిజం చెప్తాది."

రామాంజులు తలూపాడు. కింద పెదవి దగ్గర నలుపు మిగిల్చిన తన తెలివి గుర్తొచ్చి, మళ్లీ బ్రష్షు కడగడంలో పడ్డాడు.

ఆమె వెనక్కి పోయింది. వెనక బంపరు మధ్యలో మూడు ఎర్ర మచ్చలున్నాయి. ఏటా దసరాకు ఆయుధపూజలో బండికి పసుపు రాసి బొట్టు పెడతారు గదా, పసుపు ఎండకు పోయినా కుంకుమ రంగు ప్లాస్టిక్ గరుకులో ఇంకిపోయి ఉండిపోతుంది. ఏటికేడు అదే చోట పెట్టిన చెయ్యి ఎవరిదో గానీ పొందికైన చెయ్యి. ఆ మచ్చలు చూసి నాగలక్ష్మమ్మ సంతోషపడింది. మంచి ఇంట్లో మెలిగిన బండి అనుకుంది. అనుకుని ముందరికి వచ్చింది. వంగింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"ఏమన్నా, ఎనకాల బొట్టు పెట్టినారు, ముందర పెట్టలేదే? యా ఇంట్లోనన్నా మొగం ఇడిచిపెట్టి ఈపుకు పెడతారా?"

రామాంజులు తల తిప్పి వెనక బంపరు వైపు చూశాడు. రెండు రోజులు దాని పక్కనే కూర్చున్నాడు. స్క్రూ చుట్టూ ఉండే నలుపు కనబడింది గానీ ఎదురుగా ఉన్న మూడు బొట్లు కనబడలేదు. పదకొండేళ్లలో ఎన్ని బండ్ల బొట్లు సోడా నీళ్లతో కడిగి ఉంటాడు! కడిగి కడిగి అది అతనికి మురికిలో ఒక రకం అయిపోయింది. మరచిపోయాడా, లేక మరచిపోవాలనే మరచిపోయాడా? ఆ క్షణంలో అతనికి నిజంగానే తెలియలేదు.

లింగప్ప తడుముకోలేదు. "మా రామాంజులు శుభ్రం మనిషిమ్మా. కడిగేసుంటాడు. ఏమప్పా, కడిగినావు గదా?"

ముగ్గురూ అతని వైపు చూశారు. రోడ్డు మీద లారీ ఒకటి పోతోంది. అది పోయేదాకా ఆగాడు. అది పోయింది.

"కడిగినా" అన్నాడు.

కడిగిన మాట అబద్ధం కాదు. పదిసార్లు కడిగాడు. అయినా ఆ మాట నోట్లోంచి బయటికి వస్తున్నప్పుడే అది ఏ జాతిదో అతనికి తెలిసిపోయింది.

నాగలక్ష్మమ్మ నమ్మింది. నమ్మడమే కాదు, కడగడం తప్పు కాదులే అన్నా అని తనే ఓదార్చింది. శుక్రవారం మంచిది, ఆ రోజు వచ్చి పూజ చేసుకుని బండి తోలుకుపోతామంది. బయలుదేరబోతూ ఆగి, ఇంకొక మాట అడిగింది. ఈ తెలుపు చూస్తే బూడిద గుర్తొస్తోంది, చిన్నపిల్లలెక్కే బండి, శుక్రవారం లోపల అంతా నల్లగా చేసి పెట్టగలవా అని.

"చేస్తాడు, దానికేం భాగ్యం" అన్నాడు లింగప్ప.

వాళ్లు పోయాక లింగప్ప రామాంజులు భుజం తట్టి, చూసినావా, ఆమె నోటితో ఆమే అడిగింది, అంతా నల్లగా అయిపోతే ఇంక ఎవరూ ఏమీ అనేదానికి లేదు అని నవ్వాడు. తనకు మడకశిరలో బావమరిది కూతురి పెళ్లి ఉందని, శుక్రవారం పొద్దునకు వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

*

గురువారం చింతపండు నీళ్లు పిసికి ముందర బంపరు మీది సున్నం కడిగాడు రామాంజులు. ఆరబెట్టాడు. బ్లో ల్యాంపుకు గాలి కొట్టి వెలిగించాడు.

మంట అలా తగిలిందో లేదో, నలుపు దూకింది. ఇంత తొందరగా నలుపు రావడం అతను ఎన్నడూ చూడలేదు. ముసలి బంపర్లను బతిమాలాలి, ఒకే చోట రెండుసార్లు, మూడుసార్లు మంట తిప్పాలి. ఇది పిలిస్తే పలికినట్టు పలికింది. మూడు రోజులు తను పెట్టిన హింసంతా పైపైనే ఉండిపోయింది. నూనె పెట్టకముందే కాటుకలా మెరిసింది. ఆ నలుపు చూస్తే అతనికి ఎందుకో ఏడుపొచ్చినంత పనైంది. ఇది తను పూసింది కాదు. దాని రంగే.

తర్వాత వెనక్కి పోయాడు. వెనక బంపరు ముందు కూర్చుని సోడా నీళ్ల డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. మూడు బొట్లు అతని మొహానికి ఎదురుగా ఉన్నాయి. మధ్య బొట్టు మిగతా రెండింటికంటే కొంచెం పెద్దది. ఈ బొట్లు పెట్టిన చెయ్యి ఎవరిది? కల్వర్టు గోడ దగ్గర ఆ మనిషి బండిలో ఉందా? ఎవరికీ ఏం కాలేదని లింగప్ప అన్నాడు. కాకపోయే ఉండొచ్చు. అయినా ఏం కాకపోతే బండి ఎందుకు అమ్ముకున్నారు? ఏమో, దుడ్లు అవసరమై అమ్ముకుని ఉంటారు. అటు ఆలోచిస్తే అటే నిజమనిపించింది, ఇటు ఆలోచిస్తే ఇటే.

బ్రష్షు తడిపాడు. తడిసిన బ్రష్షు చేతిలోనే ఆరిపోయింది. మళ్లీ తడిపాడు.

కిరసనాయిలు అయిపోయినట్టుందిలే, రేపు చూద్దాం అనుకున్నాడు చివరికి. ల్యాంపు ఎత్తి ఊపితే సగం పైనే ఉంది, గుడగుడమంది. ఆ చప్పుడు విననట్టు ల్యాంపును సంచిలో పెట్టి, సంచి మూతి కట్టి, ఎండ ఉండగానే ఇంటికి పోయాడు.

*

శుక్రవారం అతను వచ్చేసరికే వాళ్లు వచ్చేశారు. పెద్దన్న చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. నాగలక్ష్మమ్మ జరీ అంచు చీర కట్టుకుంది, తమ మగ్గం మీద నేసిన ఆఖరి చీరట. వాచ్‌మన్ గేటు తీస్తే లోపలికొచ్చి, పెద్దన్న అప్పటికే నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టేశాడు. పూజయ్యాక బండి వాటిని తొక్కుకుంటూ కదిలితే దిష్టి పోతుంది. లింగప్ప కూడా బస్సు దిగి, పెళ్లి గంధం వాసనతో, అప్పుడే గేటులోకి వస్తున్నాడు.

నాగలక్ష్మమ్మ పళ్లెంలో పసుపు కుంకుమలు పట్టుకుని బండి ముందర నిలబడి ఉంది. బొట్టు పెట్టడానికి వేలు ముంచింది. ముంచిన వేలు అలాగే ఆగిపోయి ఉంది.

ముందర బంపరు కొత్త పలకలా నల్లగా ఉంది. దాని పక్క నుంచే మొదలై పట్టీలు తెల్లగా, బూడిదలా, వెనక దాకా పోతున్నాయి.

"ఏమప్పా, సగమే చేసినావే? మిగతాదెప్పుడు?" అన్నాడు లింగప్ప. గొంతులో ఇంకా పెళ్లి సందడి ఉంది.

"అయిపోయిందన్నా" అన్నాడు రామాంజులు.

నాగలక్ష్మమ్మ అతని వైపు తిరిగింది. "ఇదొక్కటే నల్లగ అయింది. అవి కాలేదే అన్నా?"

రాత్రంతా అతను ఏ మాటా సిద్ధం చేసుకోలేదు. చెప్పాలనీ అనుకోలేదు, చెప్పకూడదనీ అనుకోలేదు. నోరు తెరిచాక గానీ ఏమొస్తుందో అతనికీ తెలియలేదు.

"ముందరిది ఈ నెలలో పుట్టిందమ్మా. అది ఇంగా ఒక్క దసరా గూడా చూడలేదు. కడిగినా అంటి గదా మొన్న, దాని మింద బొట్టే లేదు."

ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. మడతలు విప్పి చూసే మనిషి. ముందర బంపరు చూసింది, పట్టీ చూసింది, మళ్లీ బంపరు చూసింది. పెద్దన్నకే అర్థం కాక ఆమె మొహంలోకి చూశాడు.

"ముందర గుద్దుకోనుండాది పెద్దన్నా" అన్నాడు రామాంజులు ఆయనతో. "ఎడమకు లాగుతాది. పిల్లోల్లను ఎక్కించొద్దు."

లింగప్ప మొహంలోంచి పెళ్లి దిగిపోయింది. అయినా అరవలేదు. చాసిస్ సరిచేయించామని, వెల్డింగు గట్టిదని, కావాలంటే ఇంకా తగ్గించి ఇస్తానని మెల్లగా చెప్పుకొచ్చాడు. నాగలక్ష్మమ్మ అంతా విన్నది. మాట మధ్యలో అడ్డుపడలేదు. వేలికున్న కుంకుమను పళ్లెం అంచుకు తుడుచుకుంది. తర్వాత కిందికి వంగి, ముందర చక్రాల కింది నిమ్మకాయలు తీసి కొంగులో వేసుకుంది. వెనక వైపుది ఒకటి తీసింది. రెండోది గట్టిగా ఇరుక్కుంది. వేళ్లు పెట్టి లాగినా రాలేదు.

అప్పుడు లింగప్ప ముందుకొచ్చాడు. ఒక్క మాట కూడా అనకుండా బండికి భుజం ఆనించి బెత్తెడు తోశాడు. ఆమె నిమ్మకాయ తీసుకుంది. ఆస్పత్రి వరండాలో కింద పడుకున్న లింగప్ప అదే భుజంతో తోస్తున్నట్టు రామాంజులుకు కనబడింది.

వాళ్లు గేటు దాటి పోయారు. లింగప్ప కుర్చీలో కూర్చుని సెల్‌ఫోను తీసి చూసుకున్నాడు. ఇక పొమ్మంటాడని రామాంజులు తన రేకు కిందికి పోయి డబ్బాలు సర్దడం మొదలుపెట్టాడు. లింగప్ప పొమ్మనలేదు.

"అవెందుకు సర్దుతాండావు?" అన్నాడు చివరికి, అలసిపోయిన గొంతుతో. "అయిందేదో అయింది. ఆదివారం పుట్టపర్తి నుంచి వేరేవాళ్లు వస్తాండారు. ఆ లోపల దాన్ని మళ్లా తెల్లగ చెయ్. ఈ తూరి బొట్టు గూడా పెట్టు."

రామాంజులు సర్దుతున్న డబ్బా కింద పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేది. తను నోరు తెరిచి చెప్పిన నిజమంతా చివరికి లింగప్పకు ఒక బొట్టు తక్కువైందన్న సంగతి నేర్పి ఊరుకుందా?

"బొట్టు ఎవురు పెట్టల్ల అన్నా?" అని అడిగాడు.

"ఎవురో ఏంది, నువ్వే పెట్టు."

రామాంజులు తన వేళ్లు చూసుకున్నాడు. తర్వాత డబ్బాలు సంచిలో వేశాడు. బ్లో ల్యాంపు వేశాడు, బ్రష్షులు వేశాడు. నూనె సీసా గుడ్డలో చుట్టి పైన పెట్టాడు. లింగప్ప రెండుసార్లు పేరు పెట్టి పిలిచాడు. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక పిలిచాడు. రామాంజులుకు కూడా అర్థం కాలేదు. సంచి భుజాన వేసుకున్నాడు. రోడ్డెక్కాడు.

బస్టాండు దగ్గర వేపచెట్టు నీడలో వాళ్లిద్దరూ ధర్మవరం బస్సు కోసం నిలబడి ఉన్నారు. అతని భుజం మీది సంచి చూసి నాగలక్ష్మమ్మకు సంగతి తెలిసిపోయింది. అయ్యో అనలేదు. కొంగు ముడి విప్పి రెండు నిమ్మకాయలు తీసి అతని చేతిలో పెట్టింది.

"చక్రం కింద పెట్టినేవి మళ్లా పూజకు పనికిరావన్నా. షర్బత్తుకు పనికొస్తాయి" అంది. మిగతావి కొంగులో ముడేసుకుంటూ, "ఇంగొక బండి చూసేటప్పుడు నిన్ను పిల్చుకోని పోదామనుకుంటాండాం. యాడికి రావల్ల?" అని అడిగింది.

యాడికి రమ్మనాలో అతనికి తెలీదు. తెలీదమ్మా అనే చెప్పాడు. వాళ్ల బస్సొచ్చింది. పెద్దన్న మోకాలు పట్టుకుని మెట్లెక్కాడు.

బస్సు పోయిన చోట ఆటో ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, సంచిలోంచి బయటికి కనబడుతున్న బ్లో ల్యాంపు మూతి చూసి, కార్లు నల్లబరిచే రామాంజులు నువ్వే కదన్నా అన్నాడు. ఆటోకు రెండు వైపులా అద్దాల చిప్పలు ఎండకు తెల్లబోయి ఉన్నాయి. వీటిని నల్లగా చేస్తావా అని అడిగాడు.

పదకొండేళ్లలో ఎవరినీ అడగని మాట రామాంజులు అడిగాడు.

"అమ్మేదానికా, నడుపుకునేదానికా?"

డ్రైవరు తెల్లబోయి చూశాడు. "నడుపుకునేదానికేనన్నా. అమ్మితే నేనేం తినల్ల?"

రామాంజులు చెట్టు కింద సంచి దించాడు. ముందుగా మురికి పోవాలి, దగ్గర్లో నీళ్లు లేవు. ఒక నిమ్మకాయ కోసి, సగం చెక్కతో అద్దం చిప్పను రుద్దడం మొదలుపెట్టాడు. పులుపు తగిలి వేళ్ల పగుళ్లలో ఇంకా మిగిలిన సున్నం బుసబుసమని నురగలెత్తింది. అతను అలాగే రుద్దుతూ కూర్చున్నాడు.